తక్కువ విద్యుత్తు – తగిన గ్రాఫిక్స్ కార్డు



నేడు నేను మీతో ముచ్చటింపబోవునది కంప్యూటరు పెట్టె లోపలి యొక చిన్న లెక్కను గూర్చి. గుంటూరు, ప్రకాశము ప్రాంతములలో నన్నెరిగినవారును, ఎరుగనివారును తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "మా కంప్యూటరుకు ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించమంటారండీ?" ఈ ప్రశ్నకు నేను వెంటనే కార్డు పేరు చెప్పను. "మీ పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. మీద ఏమి వ్రాసియున్నది?" అని తిరిగి యడుగుదును. ఆ చీటీని చూచి వచ్చినవారు అరుదు. కార్డుల ధరలు, ఆటలలో వాని వేగములు, దూరదేశములవారు చేసిన పరీక్షలు – అన్నియు కంఠస్థములే. తమ పెట్టెలో విద్యుత్తు నందించు ఆ యినుప డబ్బా యెంతటిదో మాత్రము తెలియదు.

ఈ ప్రశ్న మన ప్రాంతమున నింత తరచుగా వినబడుటకు కారణము లేకపోలేదు. పెద్దనగరముల కార్యాలయములు కొన్నియేండ్లు వాడి తీసివేసిన కంప్యూటరులు బాగుచేయబడి, క్రొత్తవాని ధరలో చిన్న భాగమునకే మన ఊళ్ళకు వచ్చుచున్నవి. చిలకలూరిపేటలోని ఫోటో స్టూడియో, నరసరావుపేటలోని డి.టి.పి. దుకాణము, ఒంగోలులో ఇంజనీరింగు చదువు కుఱ్ఱవాని గది – ఎచ్చట చూచినను ఆ నల్లని పెట్టెలే. అవి గట్టివి. ప్రాసెసరు నేటికిని పనికివచ్చును. కాని యవి పుట్టినది గుమాస్తాపనికి. లెక్కలు వ్రాయుటకును, ఉత్తరములు టైపు చేయుటకును ఎంత విద్యుత్తు కావలయునో అంతయే తయారీదారుడు వానికిచ్చెను: 240 వాట్లు, 260, 275, 290. అంతకుమించి చేయి జారనీయలేదు. అట్టి పెట్టెను కొని, పెండ్లి వీడియోలు కూర్పవలయుననియో, ఆటలాడవలయుననియో, కృత్రిమ మేధను గూర్చి నేర్వవలయుననియో కోరువానికి తొలి యాటంకము అచ్చటనే యెదురగును.

నాగార్జునసాగరు కుడికాలువ క్రింద సేద్యము చేయువారికి ఈ సంగతి నేను వివరింప నక్కరలేదు. కాలువ మొదట నున్నవాడు వరి నాటుకొనును. చివరి భూములకు నీరు వంతులవారీగా వచ్చును. కొన్నియేండ్లు ఆ వంతును సరిగా రాదు. అచ్చట ఆరుతడి పంటలే తగును. నేల సారమైనదే గదా యని చివరి పొలమున వరి నాటినచో, నాట్లు చక్కగానే పడును, పైరు పచ్చగానే లేచును. పొట్టకు వచ్చు వేళకు నీరు చాలదు. గ్రాఫిక్స్ కార్డు సంగతియు నట్టిదే. విద్యుత్తు చాలని పెట్టెలో పెద్ద కార్డు బిగించినను మొదట తెర వెలుగును, చిన్నపనులు సాగును. పని ముమ్మరమైన క్షణమున పెట్టె టక్కున నారిపోవును. కొనినవాడు కార్డు చెడినదని కొందరిని, విండోసు చెడినదని కొందరిని తిట్టును.

ఎస్.ఎం.పి.ఎస్. చేయుపని యేమి? గోడనుండి వచ్చు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును తీసికొని, దానిని 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి పంచిపెట్టును. ఇప్పటి కంప్యూటరులలో ప్రాసెసరును, గ్రాఫిక్స్ కార్డును ముఖ్యముగా 12 వోల్టుల తీగలమీదనే బ్రతుకును. కావున చీటీపైన పెద్ద అక్షరములతో నున్న సంఖ్యకన్న, దాని క్రింది చిన్న పట్టికయే మనకు ముఖ్యము. అందు 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియరులు వ్రాసియున్నవో చూచి, దానిని 12చే హెచ్చవేయవలయును. 18 ఆంపియరులున్నచో 216 వాట్లు. 12 వోల్టుల గడులు రెండున్నచో, ఆ రెండింటిని కూడి మురిసిపోరాదు; రెండును కలిసి యెంత మించరాదో ఆ ప్రక్కనే వేఱొక గడిలో వ్రాయుదురు, ఆ సంఖ్యయే నమ్మదగినది. "450" అని కొట్టవచ్చినట్లు అచ్చొత్తి, 12 వోల్టుల గడిలో 16 ఆంపియరులు, అనగా 192 వాట్లు మాత్రమే చూపు చవక డబ్బాలను నేను చేతితో పట్టి చూచితిని. అట్టి 450 కన్న, పేరున్న కార్యాలయపు పెట్టెలోని 240 మేలు. ఆ 240లో అబద్ధము లేదు.

ఇక లెక్క చూతము. ఆరవతరపు ఐ5-6500 ప్రాసెసరు గల పెట్టెను తీసికొందము; అట్టివి మన బజారులలో విరివిగా దొరకును. ప్రాసెసరునకు 65 వాట్లు. మదర్ బోర్డు, ర్యాము, ఒక ఎస్.ఎస్.డి., ఒక పాత హార్డు డిస్కు, ఫ్యాన్లు – వీనికన్నిటికి కలిపి 45 వాట్లు వేయుదము. ఇది కొంచెము ధారాళమైన లెక్కయే. మొత్తము 110. ఎస్.ఎం.పి.ఎస్. 240 వాట్లదైనచో, మిగిలినది 130 గదా యని 130 వాట్ల కార్డు కొనరాదు. మొత్తపు భారము ఎస్.ఎం.పి.ఎస్. శక్తిలో నాలుగింట మూడువంతులు మించకుండ చూచుకొనుట నా పద్ధతి. 240లో నాలుగింట మూడువంతులు 180. అందుండి 110 తీసివేసినచో కార్డునకు 70 వాట్లు మిగులును. ఈ 70ని గుర్తుంచుకొనుడు. మరల దీని పని పడును.

నాలుగవవంతు నట్లు విడిచిపెట్టుట పిసినిగొట్టుతనము కాదు. కార్డుపై వ్రాసిన వాట్లు సగటు లెక్క. నిజమునకు కార్డు విద్యుత్తును సమముగా త్రాగదు; సెకనులో వేయవవంతు కాలమున నొక్కసారిగా ఎగిరి, మరల దిగును. పెద్ద కార్డులలో ఈ యెగురుట మరీ హెచ్చు. ఇది యెంత తీవ్రమైన సమస్య యనగా, 2022లో వెలువడిన ఏ.టి.ఎక్స్. 3.0 అను క్రొత్త ప్రమాణమున, ఆ తరగతి పెద్ద ఎస్.ఎం.పి.ఎస్. తన శక్తికి రెట్టింపు భారమును సైతము సెకనులో పదివేలవ వంతు కాలము ఓర్చుకొనవలయునని నిర్దేశించిరి. మన పాత కార్యాలయపు పెట్టెలు ఆ ప్రమాణమునకు ఎన్నియో యేండ్లు ముందు పుట్టినవి. వానినుండి అట్టి యోర్పును ఆశింపరాదు.

ఇప్పుడు కార్డువైపునుండి చూతము. మదర్ బోర్డుమీద కార్డు గ్రుచ్చు పొడవాటి స్లాటు తానే గరిష్ఠముగా 75 వాట్లు ఈయగలదు. అంతకు మించి కావలసిన కార్డులకు ఎస్.ఎం.పి.ఎస్. నుండి వేఱుగా తీగ రావలయును: ఆరు పిన్నుల తీగ మరి 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇచ్చును. కార్యాలయపు పెట్టెలలో ఈ తీగలు సాధారణముగా నుండవు. తయారీదారుడు మరచిపోయి కాదు. ఆ డబ్బా అంతటి భారమును మోయదని తెలిసియే పెట్టలేదు. తీగ లేకుండుటయే యొక హెచ్చరిక. కొన్ని సన్నని పెట్టెలలో స్లాటు నుండి తీయదగిన విద్యుత్తు 75 కన్నను తక్కువగా నిర్ణయింపబడియుండును. ఆ పెట్టె మోడలు పేరుతో తయారీదారుని పుస్తకము చూచి గాని ముందడుగు వేయరాదు.

ఈ హెచ్చరికను త్రోసిపుచ్చుటకు బజారులో నొక ఉపాయము అమ్మబడుచున్నది. దానిని గూర్చి కొంచెము విరివిగా చెప్పెదను, ఏలయన ప్రమాదమంతయు నిందే యున్నది.

చిలకలూరిపేట దగ్గర నొక యువకుడు స్టూడియో నడుపుచున్నాడు. పెండ్లిళ్ళ వీడియోలు తీయుట, వానిని కూర్చి, రంగులు దిద్ది, పెన్ డ్రైవులో పెట్టి యిచ్చుట అతని జీవనము. 240 వాట్ల పాత పెట్టె కొని, దానికి ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు సెకండ్ హ్యాండులో తెచ్చెను. ఆ కార్డు మంచిదే, 12 జీబీల మెమరీ కలది. కాని దాని ఆకలి 170 వాట్లు. ఎనిమిది పిన్నుల తీగ కావలయును. పెట్టెలో ఆ తీగ లేదు. అమ్మినవాడు హార్డు డిస్కులకు పోవు రెండు శాటా తీగలను కలిపి ఎనిమిది పిన్నులుగా మార్చు చిన్న ముక్కను ఉచితముగానే యిచ్చెను. "ఏం భయంలేదు, అందరూ వాడుతున్నారు" అనెనట.

ఆ ముక్కలో జరుగు లెక్క యిది. శాటా విద్యుత్తు కనెక్టరులో 12 వోల్టులకు మూడు పిన్నులు. ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియరు మోయును. మొత్తము నాలుగున్నర ఆంపియరులు, అనగా 54 వాట్లు. రెండు కలిపినను 108. ఎనిమిది పిన్నుల వైపున కార్డు 150 వాట్లు అడుగుటకు హక్కు కలిగియున్నది. అది యడుగును. అప్పుడు సన్నని పిన్నులు వేడెక్కును. ఆ రెండు శాటా తీగలును లోపల నొకే తీగనుండి చీలినవైనచో సంగతి మరింత కష్టము. ఇక పెట్టె మొత్తము భారము 65, 45, 170 కలిపి 280 వాట్లు, డబ్బా 240ది. ఏ వైపునుండి చూచినను పొసగని లెక్క.

మాఘమాసపు పెండ్లిళ్ళు ముగిసి, మూడు వీడియోలు ఈయవలసి యుండగా నతడు నాకు ఫోను చేసెను. "అన్నయ్యా, రెండర్ సగానికి రాగానే ఆగిపోతోంది. రాత్రంతా కూర్చున్నా. పెళ్ళివాళ్ళు రోజూ అడుగుతున్నారు" అని. పెట్టె విప్పి చూచితిమి. శాటా ముక్క ప్లాస్టికు గోధుమరంగుకు తిరిగి, కొంచెము మెత్తబడియుండెను. మరి కొన్నిదినములు గడచినచో నది కరగి యుండెడిదే. పెండ్లివారి దృశ్యములన్నియు ఆ పెట్టెలోని హార్డు డిస్కులోనే యున్నవి; ఆ హార్డు డిస్కునకు విద్యుత్తు పోవు తీగయు ఆ గుంపులోనిదే. ఇతరుల పెండ్లి మరల తీయుటకు వీలుకాని వస్తువు గదా! ముందుగా ఆ దృశ్యముల నన్నిటిని వేఱొక డిస్కులోనికి ఎత్తించి, తరువాతనే కార్డు మాట యెత్తితిని.

అతనికి రెండు దారులుండెను. పెట్టెకు తగిన కార్డు తెచ్చుట యొకటి. కార్డునకు తగిన ఎస్.ఎం.పి.ఎస్. తెచ్చుట రెండవది. రెండవ దారి విన సులభము. కాని యిట్టి కార్యాలయపు పెట్టెలలో అనేకములకు మదర్ బోర్డునకు పోవు ప్రధాన కనెక్టరు అందరి వలె 24 పిన్నులది కాదు. ఒక తయారీదారుడు ఎనిమిది, వేఱొకడు ఆరు పిన్నులు తన యిష్టము వచ్చినట్లు పెట్టుకొనెను. డబ్బా కొలతలును వేఱు. బజారు డబ్బా అందు దూరదు. మార్పిడి తీగలు దొరకును గాని, డబ్బాను పెట్టె బయట వ్రేలాడదీసి నడుపువారిని చూచితిని – పిల్లలు తిరుగు ఇంట అది తగదు. సాధారణపు 24 పిన్నుల బోర్డు గలవారికి మాత్రము ఈ దారి మంచిదే: పేరున్న సంస్థ చేసిన 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి కొనినచో తరువాతి కంప్యూటరునకును పనికివచ్చును. ఆర్.టి.ఎక్స్. 4060 వంటి 115 వాట్ల కార్డునకు సైతము దానిని చేసిన ఎన్విడియా వారు 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండవలయునని చెప్పుదురు. పెట్టె యంతటిని దృష్టిలో నుంచుకొని చెప్పిన మాట యది.

ఆ యువకునికి మొదటి దారియే చూపితిని. ఇందాక చెప్పిన 70 ఇచ్చట పనికివచ్చినది. 2024 ఫిబ్రవరిలో ఎన్విడియావారు ఆర్.టి.ఎక్స్. 3050 కార్డును 6 జీబీల మెమరీతో క్రొత్తగా విడుదల చేసిరి. దాని వాడుక సరిగా 70 వాట్లు. వేఱు తీగ యక్కరలేదు. స్లాటులో గ్రుచ్చిన చాలును. ఇదే పేరుతో 2022లో వచ్చిన 8 జీబీల కార్డు కలదు. అది 130 వాట్లది, తీగ కావలయును. పేరొకటే యగుటచే దుకాణములో రెండును తారుమారగుట కద్దు. డబ్బాపైన 6 జీబీ యని చూచుటయే గాక, కార్డు అంచున పిన్నుల గూడు లేదని కంటితో చూచి మఱి తీసికొనవలయును. 3060ని అమ్మివేసి అతడు దీనిని తెచ్చెను. వేగము 3060 అంత లేదు. లేదని మొదటనే చెప్పితిని. కాని వీడియోను కుదించి వ్రాయుటకు ప్రత్యేకముగా నేర్పరచిన భాగము దీనిలోను గలదు. ఎక్కుపెట్టి పడుకొనిన పని తెల్లవారునప్పటికి ముగియుచున్నది. ఆ మూడు పెండ్లిళ్ళవారికి వారము లోపల పెన్ డ్రైవులు చేరినవి.

తీగ లేని కార్డులు మరి కొన్ని కలవు. వానిలో ప్రతిదానికి నొక మెలిక యున్నది. 2016 నాటి జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. (75 వాట్లు) ఒకప్పుడు ఈ తరగతికి రాజు. నేటికిని సెకండ్ హ్యాండులో చౌకగా దొరకును. కాని 2025 అక్టోబరుతో దాని తరమునకు క్రొత్త డ్రైవర్లు నిలిచిపోయినవి. భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రమే 2028 వరకు వచ్చును. ఇప్పుడు డబ్బు పెట్టి దానిని కొనుమని నేను చెప్పజాలను. 2019 నాటి జి.టి.ఎక్స్. 1650 యంతకన్న మేలు. అయితే ఆ పేరుతోనే కొంచెము వేగము పెంచి, ఆరు పిన్నుల తీగ కోరు కార్డులు బజారున విస్తారముగా నున్నవి. ఏ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 6400 కేవలము 53 వాట్లతో నడచును, చూచుటకు ముచ్చటగా నుండును. కాని యది బోర్డుతో నాలుగు దారులగుండ మాత్రమే మాటలాడును. పాత బోర్డులమీద ఆ దారులు ఇరుకై వేగము తగ్గును. పైగా వీడియో కుదించు భాగమే అందు లేదు. స్టూడియోవానికి అది పనికిరాదు. ఇంటెల్ వారి ఆర్క్ ఏ380 వీడియో పనికి మిక్కిలి దిట్ట. కాని 'రీసైజబుల్ బార్' అను సౌకర్యము లేని పాత బోర్డులమీద కుంటుచు నడచును. 75 వాట్ల తరగతి దైనను దానికి తీగ పెట్టి అమ్మువారే హెచ్చు.

సన్నని పెట్టెలు గలవారు ఇంకొక సంగతి చూడవలయును. వానిలో నిలువెత్తు కార్డు పట్టదు. సగమెత్తుదే కావలయును, దుకాణదారులు దానిని లో ప్రొఫైల్ అందురు. దానితోపాటు పొట్టి బ్రాకెట్టును డబ్బాలో నున్నదా యని అడిగి తీసికొనవలయును. ఆ యినుపముక్క లేక కార్డు నెలల తరబడి బీరువాలో కూర్చుండిన యిండ్లు నే నెరుగుదును.

అసలు కార్డే యక్కరలేని వారు నన్ను కార్డు అడుగుట కలదు. డి.టి.పి. చేయువాడు, శుభలేఖలు, కరపత్రములు కూర్చువాడు, గ్రాఫిక్స్ కార్డు కొనిన మాత్రమున పని వేగము పెరుగదు. ప్రాసెసరులో నున్న చిత్రభాగమే అతనికి చాలును. ఆ సొమ్ముతో ర్యాము 16 జీబీలకు పెంచి, పాత హార్డు డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయించినచో మరునాడే తేడా తెలియును. విద్యుత్తు భారమును ఒకటి రెండు వాట్లు తగ్గునే గాని పెరుగదు. ఈ మాట చెప్పినందులకు నొక దుకాణదారుడు నామీద కొంతకాలము అలిగియుండెను.

కృత్రిమ మేధ నేర్వగోరు విద్యార్థుల సంగతి కొంత సున్నితమైనది. మిర్చి పండించు నొక రైతు, నాకు దూరపు బంధువు, తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, "బావగారూ, వీడు చదువుకు కార్డు కావాలంటున్నాడు. ఎంతవుద్దో మీరే చెప్పండి" అనెను. ఆ యేడు మిర్చి ధర పడిపోయి యుండెను. 2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలు మిర్చికి 11,781 రూపాయలు నిర్ణయించిన సంగతి మీకు జ్ఞాపకముండును. ఆ లెక్కను క్వింటాలు మిర్చి యమ్మినను ఒక మంచి కార్డు రాదు. కోతకూలి, పురుగుమందులు, కోల్డు స్టోరేజి యద్దె లెక్కలోనికి తెచ్చినచో, ఆ తండ్రి చేతిలో నున్న రూపాయి యెంత బరువైనదో వేఱుగ చెప్పనేల?

కుఱ్ఱవానిని ప్రక్కకు పిలిచి, "ఏమి నేర్వదలచితివి?" అని యడిగితిని. వాని కోరిక న్యాయమైనదే. అయితే 6 జీబీల కార్డులో పట్టునది కొంతయే: ఏడెనిమిది వందల కోట్ల పరామితుల భాషానమూనాను బాగుగ కుదించిన రూపమున నడుపవచ్చును గాని, అట్టిదానికి శిక్షణ నిచ్చుట సాగదు. 12 జీబీల కార్డు తెత్తమన్నచో వాని పెట్టె మోయదు. చదువు మొదలిడుటకు గూగుల్ వారి కొలాబ్ వంటి సేవలలో పరిమితముగా ఉచితపు కార్డులే దొరకును, ఇంటర్నెట్ చాలును. ఒక సంవత్సరము దానిమీద సాగించి, ఇక చాలదని తోచిననాడు పెట్టెనే మార్చుకొమ్మంటిని. కుఱ్ఱవాడు ముఖము చిన్నబుచ్చుకొనెను. తండ్రి యేమియు ననలేదు. కాని మజ్జిగ త్రాగి వెళ్ళునప్పుడు నడకలో కొంచెము తేలిక కనబడినది. ఆ కుఱ్ఱవాడు ఇప్పుడును నాతో మాటలాడుచునే యున్నాడు, కొలాబ్ ఉచితసమయము చాలుట లేదని ఫిర్యాదు చేయుటకు.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమున నైనను చెల్లు లెక్క. మన నేలకు ప్రత్యేకమైనవి మరి కొన్ని కలవు.

మొదటిది ఎండ. రెంటచింతల యెండలను గూర్చి వినని తెలుగువాడు లేడు; మే మాసమున గుంటూరును, ఒంగోలును దానికి దూరముగా నుండవు. గది 40 డిగ్రీలున్నప్పుడు పెట్టె లోపల మరి పది డిగ్రీలు హెచ్చుగా నుండుట సామాన్యము. ఎస్.ఎం.పి.ఎస్. మీద వ్రాసిన వాట్లు ఒక నిర్ణీత వేడిమియొద్ద పరీక్షించి వ్రాసినవి: కొందరు 25 డిగ్రీలయొద్ద, కొందరు 40, మంచివారు 50 డిగ్రీలయొద్ద. చలిదేశపు గదిలో 450 మోసిన డబ్బా, మన నడివేసవిలో మేడమీది రేకుల గదిలో అంత మోయదు. నేను నాలుగవవంతు విడుచుటకు ఇదియు నొక కారణము.

రెండవది ధూళి. జిన్నింగు మిల్లుల చుట్టుప్రక్కల ఇండ్లలో ప్రత్తినూగు గాలిలో తేలుచుండును. అది ఎస్.ఎం.పి.ఎస్. ఫ్యానులో, కార్డు క్రింది రేకుల సందులలో మెత్తగా పేరుకొని దుప్పటివలె కప్పును. వేడి బయటకు పోదు. గుంటూరు మిర్చి యార్డు దారిలోని దుకాణములలో ధూళి మరియొక రకము. అచ్చటి పెట్టె విప్పునప్పుడు ముక్కునకు తడిగుడ్డ కట్టుకొనుడు. బ్లోయరు పెట్టిన మరుక్షణము వీధివీధియంతయు తుమ్మును. ప్లగ్గు తీసి, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టి యూదవలయును. మిర్చి, ప్రత్తి సరకు వచ్చు నెలలలో నెలకొకసారి, మిగిలిన కాలమున మూడునెలల కొకసారి చాలును. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రము ఇంట విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను లోని కెపాసిటరులలో విద్యుత్తు నిలిచియుండును. వెలుపలినుండి ఊదుటయే.

మూడవది వోల్టేజి. నియమము ప్రకారము 230 వోల్టులకు 6 శాతము హెచ్చుతగ్గులు, అనగా 216 నుండి 244 వరకు ఉండవచ్చును. లైను చివరనున్న యిండ్లలో, వేసవి రాత్రులు ప్రతియింట ఏ.సి. తిరుగు వేళ, అంతకన్న దిగుటయు కలదు. వోల్టేజి దిగినప్పుడు అదే వాట్లకొరకు ఎస్.ఎం.పి.ఎస్. హెచ్చు ఆంపియరులను లాగికొని వేడెక్కును. చీటీపై 100 నుండి 240 వోల్టుల వరకు అని వ్రాసిన డబ్బాలు దీనికి తట్టుకొనును. వెనుకవైపు 115, 230 అని ఎఱ్ఱని మీట యున్న చవక డబ్బాలు తట్టుకొనవు. ఆ మీటను పిల్లలు 115నకు త్రిప్పినచో క్షణములో టప్పున పేలును.

యు.పి.ఎస్. గలవారు దాని లెక్కను కూడ చూచుకొనవలయును. మన యిండ్లలోని చిన్న యు.పి.ఎస్. సామాన్యముగా 600 వి.ఏ. లది, దాని నిజమైన శక్తి 360 వాట్ల ప్రాంతము. ఎస్.ఎం.పి.ఎస్. చీటీపై వ్రాసినది పెట్టె లోపలికి ఇచ్చు విద్యుత్తు. గోడనుండి తీసికొనునది అంతకన్న హెచ్చు. నూటికి 80 పాళ్ళు దక్కించు డబ్బా లోపలికి 180 ఇచ్చుటకు బయటనుండి 225 తీసికొనును. మానిటరు ఇంకొక 25. ఈ 250 వాట్ల భారమున, 12 వోల్టుల 7 ఆంపియర్-గంటల బ్యాటరీ, కాగితముమీద 20 నిమిషములు. వాస్తవమున అందు సగమునకు మించి దక్కదు, పాతబడినచో అదియు లేదు. పనిని భద్రపరచి ఆర్పుకొనుటకు అది చాలును. పెద్ద కార్డు పెట్టినవానికి, కరెంటు పోయిన క్షణముననే యు.పి.ఎస్. కీచుమని పెట్టెతో కూడ నారిపోవును.

కార్డు వచ్చినది, బిగించితిరి. పెట్టె ప్రక్కరేకు మూయుటకు ముందు, శాటా తీగలనుండి చేసిన ముక్కలేవియు లోపల లేవని యొకసారి చూచుకొనుడు. వెంటనే పనిలో పెట్టకుడు. గోడ ప్లగ్గునకు తగిలించు చిన్న వాట్ మీటరు దొరకును, ధర కొద్దియే. నలుగురు కలిసి యొకటి కొనుకొనవచ్చును. దానిగుండ పెట్టెను నడిపి, మీరు చేయు పనులలో మిక్కిలి బరువైన దానిని, స్టూడియోవారైనచో పెద్ద రెండరును, మొదలిడుడు. మీటరు చూపు సంఖ్యను 0.8చే హెచ్చవేసినచో లోపలి భారము సుమారుగా తెలియును. మన ఉదాహరణపు పెట్టెకు అది 180 ప్రాంతమున నుండవలయును. ఉదయపు చల్లనివేళ కాదు, సాయంకాలము ఏడు మొదలు తొమ్మిది వరకు, వీధిలో దీపములు కొంచెము కుంగు వేళ ఈ పరీక్ష చేయుడు. రెండు గంటలు నిలిచి, ఎస్.ఎం.పి.ఎస్. వెనుకనుండి వచ్చు గాలి వేడిగానున్నను మాడువాసన లేకున్నచో, ప్రక్కరేకు మూసి, మరునాటినుండి పనికి పంపవచ్చును.